ఉలవలు పరిచిన దారి

చిన్నంనాయుడు మాస్టారిని దారి అడిగితే ఊళ్ళ పేర్లు చెప్పరు, వేళలు చెబుతారు. "ఐసు ఫ్యాక్టరీ రోడ్డా? ఆరున్నరకి వెళ్ళు. చేపల వ్యాన్లు అప్పటికి వెళ్ళిపోతాయి, బడి ఆటోలు ఇంకా బయల్దేరవు. ఆ కాసేపూ అది నిద్రపోతుంది" అంటారు. సముద్రానికీ కొండలకీ మధ్య ఉన్న ప్రతి రోడ్డూ రోజులో ఎప్పుడో ఒకప్పుడు కునుకు తీస్తుందనీ, దాన్ని లేపకుండా దాని మీద సైకిలు తొక్కుకుంటూ పోవచ్చుననీ ఆయన నమ్మకం. డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాక రేవుపాలెంలో, అలల చప్పుడు వినపడేంత దూరంలో ఉంటున్నారు. ఆదివారాలు పట్నం నుంచి సైకిళ్ళ వాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ వస్తారు. వాళ్ళవి సన్నటి చక్రాలు, నెత్తిన గుల్ల టోపీలు. ఆయనది మాత్రం వెనక క్యారియరు ఉన్న నల్లటి పాత సైకిలే.

నేనూ ఆయన శిష్యురాలినే, సైకిలుకి కాదు, అక్షరాలకి. అరవై దాటిన నాచేత దిద్దించడానికి ఆ నల్ల సైకిలు మీద మా కొండ ఎక్కి వచ్చేవారు. కనక ఈ సంగతిలో ముందు సగం ఆయన చెప్పగా విన్నాను. తక్కిన సగం నా కళ్ళెదుట జరిగింది.

కమలాకర్ అనే ఆయన హార్బరులో క్రేను నడుపుతాడు. నలభై అయిదేళ్ళుంటాయి. పద్దెనిమిదేళ్ళుగా పది అంతస్తుల ఎత్తున, అద్దాల గదిలో ఒక్కడే కూర్చుని ఉంటాడు. కింద నుంచి ఎవరో చెవిలో "లేపు, ఆపు, దించు, ఆపు" అంటూనే ఉంటారు. ఇంటికొచ్చినా ఆ "ఆపు" వదలదట. అన్నం కలుపుకుంటుంటే చెయ్యి మధ్యలో ఆగిపోతుందట. భార్య చూసి, "ఇక్కడ ఎవరూ లేరండీ, తినండి" అంటే మళ్ళీ కదులుతుందట. ఒక ఆదివారం ఆ కమలాకర్ మాస్టారి అరుగు మీద కూర్చుని అడిగాడు.

"మాస్టారూ, నన్నెవరూ ఆపని దారి ఒక్కటి చెప్పండి. సముద్రంలో చక్రం తడిపి బయల్దేరతాను. కొండ మీద కనుమ చేరేదాకా కాలు నేలకి ఆనకూడదు. ఒక్కసారి అలా వెళ్ళగలిగితే చాలు, ఈ చెవిలో గోల వదిలిపోతుంది. ఇప్పటికి మూడుసార్లు బయల్దేరాను. ఒకసారి లారీ ఆపింది, ఒకసారి పోలీసు ఆపాడు, ఒకసారి మేకలు."

"మేకలు కూడా ఆపమన్నాయా?" అన్నారు మాస్టారు.

"మీకు నవ్వులాటగా ఉంది. నాకు ముద్ద దిగడం లేదు. అలాంటి దారి ఉందా, లేదా?"

మాస్టారు వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టారు. "జీలుగుమెట్ట పాత ఘాటు రోడ్డు ఉంది. బుధవారం సంత జీపు వస్తుంది. గురువారం సెలవు పెట్టు. నేనూ తోడొస్తాను" అన్నారు.

మాఘమాసం. తూరుపు తెల్లబడుతుండగా ఇద్దరూ ముందు చక్రాలు అలలో ముంచి బయల్దేరారు. జీడితోటల మధ్య మంచు ఎంత దట్టంగా ఉందంటే, ముందు పది గజాల రోడ్డే ఉన్నట్టు, అది తొక్కేశాక ఇంకో పది గజాలు కొత్తగా పుట్టినట్టు ఉందట. చక్రాల సవ్వడి తప్ప ఏమీ లేదు. రైలు గేటు దగ్గర మాత్రం మాస్టారి లెక్క తప్పింది. పాసింజరు ఆలస్యమై గేటు వేసే ఉంది. కమలాకర్ కాలు దింపలేదు. గేటు ముందు రోడ్డు వెడల్పునా సున్నాలు చుడుతూ తిరిగాడు. గేటు దగ్గరి మనిషి తన గది కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏటి బాబూ, ఏదైనా పారేసుకున్నావా?" అని అడిగాడట. తిరుగుతూనే "లేదు" అన్నాడట ఈయన.

అక్కడి నుంచి మా కొండ, జీలుగుమెట్ట. మా ఘాటు రోడ్డుకి ఒక చిత్రం ఉంది. పైకి ఎక్కే కొద్దీ సముద్రం కూడా వెనకాలే ఎక్కి వస్తున్నట్టు ఉంటుంది. ఒక మలుపులో చెట్ల కింద ఉంటుంది, ఇంకో మలుపులో చెట్ల మీద ఉంటుంది. తారు అంచుల్లో గడ్డి మొలిచింది. కిలోమీటరు రాళ్ళ మీద అంకెలు చెరిగిపోయాయి. పిట్టలు రోడ్డు మధ్యనే నిలబడి, సైకిలు దగ్గరికొచ్చాక గాని లేవవు. కమలాకర్‌కి ఇది నిజమా కలా అనిపించిందట. రెండు గంటలు ఎక్కినా ఎదురుగా ఒక్క మనిషి రాలేదు.

ఆ రోడ్డు అంత నెమ్మదిగా ఎందుకుందని నన్నడిగితే నేను వేరే మాట చెబుతాను. అవతలి పక్కన వెడల్పు రోడ్డు పడ్డాక మా బస్సు అటు మళ్ళిపోయింది, అంతే. మాకు ఎడ్లున్న రోజుల్లో ఉలవలు కళ్ళంలో ఎడ్లచేత తొక్కించేవాళ్ళం. ఎడ్లు పోయాక రోడ్డు మీద పరిచేవాళ్ళం. బస్సు నాలుగుసార్లు వచ్చి పోతే కాయలన్నీ చిట్లి గింజ రాలేది. ఆ డ్రైవరు మంచివాడు, మా ఉలవల మీద నెమ్మదిగా పోనిచ్చేవాడు. ఇప్పుడు సంత జీపు ఒక్కటే దిక్కు. ఆ ఏడు బుధవారం పొద్దున్నే పరిచి కూర్చున్నాను. జీపు రాలేదు. గురువారం మళ్ళీ పరిచాను, ఎవరో ఒకరు రాకపోతారా అని. కర్రతో కొడదామంటే నా భుజం పది దెబ్బలకి మించి లేవదు. నాకున్నది అంతా కలిపి ఆ చదును మలుపులో నలభై బారల మేర పరిచిన, కాయలతో ఎండిన ఉలవ కట్టే. ఏడాది తిండి, వచ్చే ఏటి విత్తనం, అన్నీ అందులోనే. పొద్దెక్కేసరికి సముద్రం మీద నల్లగా ఒక మబ్బు లేచింది. మాఘంలో వానేమిటని దాన్నే చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు గంట వినపడింది. సన్న చక్రాల సైకిలు మీద ఒకాయన, వెనక మా మాస్టారు.

"అమ్మా, కొంచెం దారివ్వండి, దిగకూడదు నేను" అన్నాడాయన.

"దిగమని ఎవరన్నారు బాబూ? మీదనించి పోనీ. తొక్కించుకోడానికే ఏసినాను."

"తిండిగింజల మీదనా?"

"ఎడ్లు తొక్కితే తిన్నాం, బస్సు తొక్కితే తిన్నాం. నీ సైకిలు తొక్కితే అరగవా ఏటి? పోనీ నాయనా, పుణ్యముంటది."

ఆయన బెదురుతూ బెదురుతూ పోనిచ్చాడు. చక్రం కింద ఎండుకాయలు టపటపమన్నాయి. చివరికంటా వెళ్ళి, కనుమకి ఇంకా రెండే మలుపులున్నాయనగా వెనక్కి చూస్తే మాస్టారు లేరు. మాస్టారు నా ఉలవల మీద సైకిలు మళ్ళించి, ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి తొక్కుతున్నారు. కమలాకర్ ఒక్క క్షణం పైకి చూశాడు. తరవాత తనూ సైకిలు తిప్పుకుని వెనక్కి వచ్చాడు. కాలు ఆనించే పని లేదు కదా, రైలు గేటు దగ్గర తిరిగినట్టే తిరగొచ్చనుకున్నాడట.

నాలుగు చుట్లయ్యాక మాస్టారు నన్ను అక్క వరసన పిలిచి, "అప్పా, నా ఒక్కడి బరువు చాలడం లేదు. వెనక కూర్చో" అన్నారు.

"నన్ను పడేస్తే?"

"ఉలవల మీదేగా పడతావు."

పుట్టి బుద్ధెరిగాక సైకిలెక్కలేదు నేను. చీర కుచ్చెళ్ళు దోపుకుని, క్యారియరు మీద పక్కకి కూర్చుని, మాస్టారి సీటు కింది ఇనుప ముక్క పట్టుకున్నాను. ఏం చెప్పను! కింద నా పంటే చిట్లుతోంది. ఒక పక్క కొండ వెళ్ళిపోతోంది, ఒక పక్క సముద్రం వెళ్ళిపోతోంది, సైకిలు తిరగ్గానే అవి రెండూ చోట్లు మార్చుకుంటున్నాయి. చల్లగాలి మా ఒళ్ళు తగులుతూ పోతోంది. నేను డెబ్భయ్యేళ్ళ దాన్నని ఒక అరగంట నాకు గుర్తులేదు. కమలాకర్ ఎదురొచ్చినప్పుడల్లా గంట కొట్టేవాడు. నేను నవ్వేదాన్ని. ఆయనా నవ్వేవాడు.

పైకాయలు చిట్లాయి గాని, అడుగువి అలాగే ఉన్నాయి. "తిరగెయ్యాలి మాస్టారూ" అని నేను దిగబోతే, "కూర్చో, నువ్వు దిగితే బరువు పోతుంది" అన్నారు. తిరగెయ్యడానికి పంగలకర్ర పిట్టగోడకి ఆనించి ఉంది. మాస్టారు దాని వైపు చూడలేదు, కమలాకర్‌ని ఒక్క మాటా అనలేదు. తొక్కుతూనే ఉన్నారు. మబ్బు అప్పటికి మా కింది లోయదాకా వచ్చేసింది. నా ముంజేతి మీద ఒక చినుకు పడింది.

కమలాకర్ ఇంకో చుట్టు తిరిగాడు. మబ్బుని చూశాడు. కర్రని చూశాడు. పిట్టగోడ దగ్గర సైకిలు నెమ్మదించి, ఎడమ కాలు నేల మీద పెట్టాడు. ఆ కాలి సంగతి అప్పటికి నాకేం తెలుసు! మామూలుగా మనిషి సైకిలు దిగినట్టే దిగాడు. కర్ర అందుకుని ఉలవ కట్టెని గుచ్చి, లేపి, తిరగేసి పడేశాడు. "అలా కాదు బాబూ, దులిపి ఎయ్యి" అన్నాను. దులిపి వేశాడు. ఆయన తిరగేసిన చోటల్లా మేం తొక్కుకుంటూ వెళ్ళాం. పొట్టు కళ్ళలో పడింది, ఒక తీగె మాస్టారి వెనక చక్రంలో చుట్టుకుంది, తెంపుకుని మళ్ళీ తొక్కాం. చినుకూ చినుకూ కలిసి జల్లవుతుందనగా కట్టెలు పక్కకి లాగి, గింజలన్నీ చీపుళ్ళతో మధ్యకి ఊడ్చి, బరకం కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టాం. కిందంచున రెండు కుంచాల గింజ కాలవలో కొట్టుకుపోయింది. పోనీ, ఎక్కడో మొలుస్తుంది. తక్కిన పంట దక్కింది.

వాన విరుచుకుపడింది. బస్సు రాని బస్టాపు ఒకటి ఆ మలుపులోనే ఉంది, దాని రేకు కింద ముగ్గురం ఒదిగి కూర్చున్నాం. డబ్బాలో నేను తెచ్చుకున్న అన్నమూ, ఉలవచారూ ఉంటే కమలాకర్ చేతికిచ్చాను. ఎదురుగా రోడ్డు లేదు, కొండ లేదు, సముద్రమూ లేదు, అంతా తెల్లటి వానే. రేకు మీద ఆ మోత వింటూ ఆయన కలుపుకున్నాడు. ముద్ద వెనక ముద్ద, డబ్బా అడుగు కనిపించేదాకా తిన్నాడు. మాస్టారు ఆ చేతినే చూస్తున్నారు.

"ఎక్కడికి బయల్దేరారు బాబూ?" అన్నాను.

"పైన కనుమకమ్మా. కాలు కింద పెట్టకుండా వెళ్దామని" అన్నాడు. బురదైన తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. తరవాత మాస్టారి వైపు తిరిగి, తప్పు ఒప్పుకునేవాడిలా, "ఎవరూ ఆపని దారి అడిగాను. తీసుకొచ్చారు. చివరికి ఇక్కడా ఆగిపోయాను మాస్టారూ" అన్నాడు.

మాస్టారు తలగుడ్డ విప్పి నీళ్ళు పిండుకున్నారు.

"ఎవరాపారు నాయనా?" అన్నారు.