పచ్చలైటు వచ్చాక

పేరిందేవి పంతులమ్మగారు ప్రశ్నకు అడిగిన చోటనే జవాబు చెప్పేవారు కారు. విని, కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని, అడిగినవారి చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. ఆ పని ముగిసేసరికి కొందరికి జవాబు దొరికేది. కొందరికి పని మాత్రం పూర్తయ్యేది.

పాలిటెక్నిక్ కళాశాలలో ముప్పై ఏళ్లు విద్యుత్ ప్రయోగశాల నడిపి విశ్రాంతి పొందిన ఆమె, సముద్రానికి దగ్గరగా ఒక సరుగుడు తోటలో వెలసిన పెయింట్‌బాల్ మైదానంలో పరికరాల గది బాధ్యత తీసుకున్నారు. ఆ ఆటలో రెండు జట్లవారు చెట్ల చాటున పొంచి, ఒకరిపై ఒకరు రంగు గుళికలు పేల్చుకుంటారు. పేల్చే పరికరాన్ని ఆడటానికి వచ్చినవారు తుపాకీ అంటారు. గదిలోవారు మార్కర్ అంటారు. గుళికను నెట్టేది సిలిండరులోని గాలే అయినా, ఆ గాలిని ఏ క్షణాన వదలాలో చెప్పేది పిడిలో ఇమిడి ఉన్న చిన్న బ్యాటరీ ప్యాక్. అది నీరసించిందా, ఎంత గాలి ఉన్నా మార్కర్ పలకదు.

హరిణి అదే గదిలో ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న శిష్యురాలు. తెలివైనది, మాట స్పష్టమైనది. ఆ స్పష్టత మీద ఆమెకు కొంత గర్వం కూడా ఉండేది. ఆ వారం పాత ప్యాకుల స్థానంలో వేయటానికి కొత్తవి వచ్చాయి, వాటితోపాటు కొత్త ఛార్జర్లు కూడా వచ్చాయి. ప్యాకులు మార్చి ఛార్జింగ్ పెట్టే పని కొత్తగా చేరిన పోలయ్యకు ఇచ్చారు. పోలయ్యకు యాభై దాటాయి. జనపనార మిల్లు మూతబడ్డాక మూడేళ్లకు అతనికి దొరికిన మొదటి పని అది. హరిణి అతనికి చెప్పవలసినదంతా చెప్పి, మైదానం వైపు వెళ్లిపోయింది.

శనివారం రెండు పాఠశాలల ఉపాధ్యాయులు జట్లు కలగలిపి ఆడటానికి వచ్చారు. కొత్త ప్యాకులతో అదే మొదటి ఆట. అది సగానికి చేరగానే ఒకదాని వెంట ఒకటిగా తొమ్మిది మార్కర్లు మూగబోయాయి. ఒక ప్రధానోపాధ్యాయుడు పలకని మార్కరును పట్టుకుని మీట నొక్కుతూనే నిలబడి, తన బడి డ్రాయింగు మాస్టారి చేతిలో నిలువెల్లా నీలమై బయటికి వచ్చాడు.

“మీ తుపాకులకు శనివారం మౌనవ్రతమా అమ్మా?” అని పంతులమ్మగారిని అడిగి వెళ్లాడు.

మైదానం యజమాని మాత్రం నవ్వలేదు. పోలయ్యను ఉంచాలో పంపాలో మరునాటి మధ్యాహ్నంలోగా తేల్చి చెప్పమని పంతులమ్మగారిని కోరాడు.

మరునాటి ఉదయం హరిణి ఆమె ఎదుట నిలబడింది. “పంపించెయ్యండి పంతులమ్మగారూ. నేను చెప్పవలసింది పొరపాటు లేకుండా చెప్పాను. మాట నా నోటినుంచి సరిగ్గానే బయలుదేరింది. అవతలివారు దాన్ని పాడుచేస్తే ఆ తప్పు నాదెలా అవుతుంది? చెప్పేవారి బాధ్యత ఎక్కడ ముగుస్తుందో మీరే చెప్పండి.”

పంతులమ్మగారు కళ్లజోడు తుడుచుకున్నారు. మరమ్మతుకు వెళ్లి వచ్చిన మార్కర్ ఒకటి ఇంకా పాత ప్యాకుతోనే ఉంది. దాన్ని బల్లమీద పెట్టి పోలయ్యను పిలిచారు.

“దీని ప్యాక్ మార్చాలి పోలయ్యా. చేస్తూ, అమ్మాయి నీకేమేం చెప్పిందో పైకి చెప్పు. హరిణీ, నువ్వు కూర్చుని విను. మధ్యలో దిద్దకు.”

పోలయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకుని పిడి మరలు విప్పాడు. పాత ప్యాకును తీగ పట్టి లాగకుండా, కొస పట్టుకుని మెల్లగా ఊడదీశాడు.

“కొత్త ప్యాకు సగమే నిండి వస్తాది, అందుకని ముందల ఛార్జింగ్ పెట్టాల. పెట్టగానే ఎర్రలైటు ఎలుగుతాది. పచ్చలైటు వచ్చినాక తియ్యాల. తీసినాక పిడిలో ఎట్టి, తీగ నలక్కుండా మూసీయాల. అమ్మ ఇంతే సెప్పినారు.”

హరిణి ముఖం వికసించింది. “విన్నారుగా, అక్షరం పొల్లుపోలేదు. ఇంత బాగా విన్న మనిషి చెయ్యలేదంటే అది బద్ధకం కాక మరేమిటి?”

“బద్దకమేటమ్మా,” అన్నాడు పోలయ్య నొచ్చుకుని. “మిల్లులో మూడు షిఫ్టులూ సేసినోణ్ణి.”

పంతులమ్మగారు కొత్త ప్యాకును అతనిచేతనే ఛార్జరుకు తగిలింపించారు. ఎర్రదీపం వెలిగింది. “ఇద్దరూ దాన్నే చూస్తూ ఉండండి. పని అయిందనుకున్నవారు చెయ్యెత్తండి,” అని తాము వెనక్కి జరిగి కూర్చున్నారు.

ముప్పావుగంట ఆ దీపం ఎర్రగానే వెలిగింది. సరుగుడు చెట్లలో గాలి హోరుమంటూనే ఉంది. పోలయ్య జేబులోంచి వేరుశనగకాయలు తీసి ముందు పంతులమ్మగారికి, తరువాత హరిణికి పెట్టాడు. హరిణి వద్దని తల ఊపి, కాసేపటికి రెండు తీసుకుంది. ఆమె తొక్క ఒలుస్తూ ఉండగా దీపం రంగు మారింది. పోలయ్య చెయ్యెత్తాడు.

“దించు. ఇంకా కాలేదు,” అంది హరిణి.

“అయిపోనాది గదమ్మా. పచ్చ వచ్చీసింది.”

“అది పసుపు.”

“నానూ అదే అంతన్నాను. పచ్చ.”

హరిణి అతని ముఖంలోకి చూసింది. అందులో వెటకారం లేదు. “పచ్చ అంటే ఆకుల రంగు పోలయ్యా.”

“ఆకుల రంగుని మా ఇంట్ల సిలకపచ్చ అంతాం. ఉట్టి పచ్చంతే పసుపే. పచ్చకామెర్లొచ్చినోడి కళ్లు ఏ రంగునుంతాయమ్మా, ఆకు రంగా?”

“మరి పచ్చగడ్డి?”

పోలయ్య ఆలోచించాడు. “అదీ పచ్చే,” అని ఒప్పుకున్నాడు. “గానీ గడ్డికి మనం ఛార్జింగ్ ఎట్టలేదు గదా.”

వెనకనుంచి పంతులమ్మగారి దగ్గు వినిపించింది; అది నవ్వో దగ్గో తెలియలేదు. హరిణి మళ్లీ దీపం వైపు తిరిగింది. ఆ పసుపు రంగు మరో పావుగంట అలాగే వెలిగి, అప్పుడు ఆకుపచ్చగా మారింది. శనివారం నాటి మార్కర్లన్నింటికీ అందకుండా పోయింది ఆ పావుగంటే. ఈసారి చెయ్యెత్తినది హరిణి. ఆమెను చూసి పోలయ్య కూడా ఎత్తాడు.

“ఓహో, ఇంకోటి ఉందన్నమాట,” అన్నాడతను దీపం వైపు వంగి. “నాను అంతవరకూ ఎప్పుడూ ఉంచనేదు.” తరువాత పంతులమ్మగారి వైపు తిరిగి, గొంతు తగ్గించి, “రేపట్నుంచి రావచ్చునా అమ్మా?” అని అడిగాడు.

ఆమె హరిణి వైపు చూశారు. హరిణి లేచి, యజమాని గదికి వెళ్లింది. ఆమె తిరిగి వచ్చేసరికి పోలయ్య నిండిన ప్యాకును పిడిలో అమర్చి, తీగను వేలితో పక్కకు ఒదిగించి, ఆఖరి మర బిగిస్తున్నాడు.

“రేపు ఎనిమిదింటికల్లా రా,” అంది అతనితో. “తొమ్మిది మార్కర్లు ఆగింది నా మాట వల్లనని చెప్పి వచ్చాను. యజమాని కూడా ఆ దీపాన్ని పచ్చ అనే అంటారట. ఏ పచ్చ అని నేను అడగలేదు.”

పోలయ్య కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. ఇద్దరూ కలిసి మిగిలిన ప్యాకులను ఛార్జర్ల మీద వరుసగా పెట్టారు. ఎర్రదీపాలన్నీ వెలిగాక హరిణికి తన ప్రశ్న జ్ఞాపకం వచ్చింది.

“చెప్పేవారి బాధ్యత ఎక్కడ ముగుస్తుందో మీరు చెప్పనేలేదు పంతులమ్మగారూ.”

పంతులమ్మగారు ఒక ఛార్జరు మీది దీపాన్ని చూస్తూ అన్నారు: “ఇది తాను ఎంత పంపిందో చూసుకుని రంగు మారదమ్మా. అవతల ప్యాకుకు ఎంత అందిందో చూసి మారుతుంది.”