అడుగులమ్మ దిబ్బ

ఎర్రవంక ఊరికి ఉత్తరాన, కొండ వాలులో రెండు నిలువుల ఎత్తున బూడిద రంగు దిబ్బ ఒకటి ఉంది. దానిపై నాలుగు రాతి స్తంభాల మండపం తప్ప గోపురం లేదు, విగ్రహమూ లేదు. మండపం నడుమ గట్టిపడిన బూడిదలో మూడు అడుగుజాడలున్నాయి. ఒకటి ఆవు గిట్టది, ఒకటి స్త్రీ పాదానిది, ఒకటి పసిబిడ్డది. భక్తులు అడుగులమ్మగా కొలిచేది వీటినే.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. ఒక కరువు ఏట బీరమ్మ అనే కురుబ స్త్రీ, భర్త మాళప్పతో, అయిదేళ్ళ కూతురు కెంచితో గొర్రెల మందను తోలుకొచ్చి, నేల మెత్తగా ఉందని ఈ దిబ్బపైనే దిగింది. తెల్లవారి చూస్తే గొర్రెల జాడల మధ్య పెద్ద పెద్ద ఆవు గిట్టల గుర్తులు కనిపించాయి. వాళ్ళకు ఆవులు లేవు.

"యాడివో పసరాలు పొయింటాయి లేవే" అన్నాడు మాళప్ప.

"పొయింటే మన కుక్క మొరగదా? నీ మాదిరే అదీ గుర్రు పెట్టి నిద్రపోయిందా?"

మూడవనాటి ఉదయం కెంచి పడక ఖాళీగా ఉంది. చిన్ని అడుగులు, వాటి పక్కనే ఒక స్త్రీ అడుగులు దిబ్బ నడుమకు వెళ్ళి ఆగిపోయాయి. అక్కడినుండి ఎటూ పోలేదు.

మాళప్ప అక్కడే పారతో తవ్వాడు. మూరెడు లోతున కాలిన పేడ పొర, దానిపై గిట్టల గుర్తులు. దాని కింద మరొక పొర, మళ్ళీ గిట్టలు. ఎంతో పూర్వపు మనుషులు తరతరాలుగా ఆవులను కట్టిన దొడ్డి ఇదని బీరమ్మకు అప్పుడు అర్థమైంది. పరాయి దొడ్డిలో దిగేముందు తావు అడగడం మందల వాళ్ళ మర్యాద. ఎవరూ లేరు కదా అని తాను అడగలేదు.

పార లాక్కుని ఆమె నేలపై చూసింది. ఆ స్త్రీ అడుగులు మూడు రోజులుగా తమ పడకల చుట్టూ తిరిగినట్టున్నాయి. ప్రతి తలాపు దగ్గరా ఆగినట్టున్నాయి. తప్పిపోయిన బిడ్డను వెతికే తల్లి అడుగులవి.

"అమ్మా, అడగక దిగినాం, తప్పే. నీ బిడ్డ అనుకోని నా బిడ్డను తీస్కపోయినావు. నీ బిడ్డను గూడా నేను పిలుస్తా, నాదాన్ని నాకియ్యి" అని మొక్కి, గొంతెత్తింది. "కెంచీ, రాయే! పేరు తెలీని నా తల్లీ, నువ్వూ రాయే!"

దిబ్బ అవతలి వాలునుండి కెంచి నడిచి వచ్చింది. తలంతా బూడిద. ఎవరో పట్టుకున్నట్టు ఒక చేయి పక్కకు చాచి ఉంది. బీరమ్మను చూడగానే ఆ చేయి జారింది. వెనుక బూడిదలో ఇద్దరు పిల్లల జాడలున్నాయి. వాటిలో ఒక బిడ్డ జాడ వెనుదిరిగి, ఆ స్త్రీ అడుగుల్లో కలిసింది.

నేటికీ ఇక్కడికి వచ్చే తల్లులు తావు అడిగి దిబ్బ ఎక్కుతారు. దిగేటప్పుడు తమ పిల్లలను పేరుపేరునా పిలిచి, చివర పేరు లేని ఆ బిడ్డను ఒకసారి పిలుస్తారు. దూరాన ఉన్న బిడ్డల పేర్లు పిలిచేవారూ ఉన్నారు. ఒక్కోసారి బదులు పలికే పిల్లలకంటే ఒక గొంతు ఎక్కువగా "వస్తన్నా" అని పలుకుతుందట. ఆ ఏడు ఈ చుట్టుపక్కల ఏ తల్లికీ బిడ్డ తప్పిపోదని నమ్మకం.