ఎస్తేరు గొంతు

"డాక్టర్లకు నేను చెబుతాను, నర్సులకు వాళ్ల టీచరు చెబుతారు. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి మీరు నేర్పేదేముందమ్మా?"

ప్రసూతి వైద్యం బోధించే చిదంబరం, పెద్ద డాక్టరమ్మ భానుమతీదేవిని అడిగిన ప్రశ్న ఇది. రోగికి హాని జరగకుండా చూసుకోవడం విద్యార్థులకు ఎలా నేర్పాలో, ఆవిడ ఆ ఆసుపత్రిలోని అధ్యాపకులకు నేర్పేవారు. వాదన ఆవిడకు గిట్టదు. "ఎవరు ఏ మందు చెప్పినా, అందుకునేవాళ్లు దాన్ని గట్టిగా తిరిగి చెప్పాలి. ఆ తర్వాతే ఇవ్వాలి. ఈ వారమంతా ఇదే మీ పని" అని మాత్రం అన్నారు. ఎక్కాలు వల్లించే బడిపిల్లల్లా ఉన్నామే అని చిదంబరం లోలోపల నవ్వుకున్నాడు.

ఆ వారంలోనే నూకాలమ్మ అనే ఆమెను నొప్పులతో హడావిడిగా తీసుకొచ్చారు. బిడ్డ క్షేమంగా పుట్టాడు గానీ తల్లికి రక్తస్రావం ఆగలేదు. మొదటి మందు పనిచెయ్యలేదు. చిదంబరం రెండు చేతులతో గర్భసంచిని అదిమిపట్టి, తల ఎత్తకుండానే "కార్బోప్రాస్ట్" అని గొణిగాడు.

"కార్బోప్రాస్ట్ ఇస్తున్నాను!" నర్సింగు టీచరు ఎస్తేరు గొంతు గది నిండా మోగింది.

అవతల మందుల బీరువా దగ్గరున్న ఫార్మసీ అధ్యాపకుడు జిలానీ గిరుక్కున తిరిగాడు. "ఆగండి! ఈమెకు ఉబ్బసం. పీల్చే మందు కోసం నిన్న వస్తే నేనే ఇచ్చాను."

చిదంబరం చటుక్కున తలెత్తాడు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ మందు ఊపిరి ఆడనివ్వదు. "వద్దు! మిసోప్రోస్టాల్ ఇవ్వండి" అన్నాడు, ఈసారి అందరికీ వినబడేలా.

"మిసోప్రోస్టాల్ ఇస్తున్నాను!"

కాసేపటికి అతని చేతుల కింద గర్భసంచి గట్టిపడింది. రక్తం తగ్గింది, తర్వాత ఆగింది. నూకాలమ్మ కళ్లు తెరిచి "నా పిల్లోడేడీ?" అని దబాయించేసరికి గది గదంతా నవ్వేసింది. బిడ్డను ఆమె గుండెల మీద పడుకోబెడుతుంటే చిదంబరానికి కళ్లు చెమర్చాయి.

బయటికి వస్తూనే సంబరంగా "జిలానీగారు బతికించారమ్మా ఆమెను!" అన్నాడు భానుమతీదేవితో.

"మీ మాట నాకు వినబడనే లేదు సార్. ఎస్తేరుగారి గొంతే వినబడింది" అన్నాడు జిలానీ.

"నాకు ఉబ్బసం సంగతే తెలియదు" అంది ఎస్తేరు.

చిదంబరం ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు.

భానుమతీదేవి నవ్వారు. "అయితే నాయనా, రేపు ఈ పాఠం మీలో ఎవరు చెబుతారు?"