గేటు పుస్తకంలో పేరు

పుస్తకంలో పేరుంటేనే గేటు తెరుచుకునే ఇల్లు ఆ ఊళ్లో ఒక్కటే, రైతుల సహకార సొసైటీ ప్రెసిడెంటు పెంచలనాయుడిది. ఆయన పాత ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు పోయింది. రైతుల పంటబీమా జాబితా సాయంత్రం ఐదింటిలోగా పంపాలి. ల్యాప్‌టాప్ బాగుచేయడానికి వచ్చిన దస్తగిరి రెండెకరాలూ ఆ జాబితాలో ఉన్నాయి. అందుకే నాలుగు దాటేసరికి అతనికి కాలు నిలవడం లేదు.

నాయుడు పట్నం నుంచి తెప్పించిన ఖరీదైన కొత్త కార్డు ఎన్నిసార్లు బిగించినా, "ఈ కార్డుకు అనుమతి లేదు" అని చూపించి ల్యాప్‌టాప్ ఆగిపోతోంది.

"నా ల్యాప్‌టాప్, నేను కొన్న కార్డు! వద్దనడానికి అదెవరు? నువ్వే ఏదో చెడగొట్టావు. నీ కొట్టు మూయిస్తా!" అని నాయుడు గుడ్లురిమాడు.

"మధ్యాహ్నం మీరు కబురు పెడితేనే వచ్చానయ్యా. అయినా పుస్తకంలో పేరు లేదని, మీరు బయటికొచ్చి చూసేదాకా మీ వాచ్‌మన్ రెండు గంటలు నిలబెట్టాడు. ఈ ల్యాప్‌టాప్ చేసినవాళ్లూ లోపల అలాంటి వాచ్‌మన్‌నే పెట్టారు. వాళ్ల పుస్తకంలో పేరున్న పాత కార్డొకటి నా కొట్లో ఉంది."

"మరి నిలబడ్డావేం? పరుగెత్తు!"

దస్తగిరి గడియారం వంక చూశాడు. అయినా కదల్లేదు.

"వెళ్లడం ఎంతసేపయ్యా! తిరిగి లోపలికి రావడానికే మళ్లీ రెండు గంటలు."

నాయుడు చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దగ్గరికి పరుగెత్తి, పుస్తకం లాక్కుని, దస్తగిరి పేరు తన చేత్తోనే రాశాడు.

ఐదుకు పది నిమిషాలుండగా జాబితా వెళ్లిపోయింది. పాత కార్డును చూసి ల్యాప్‌టాప్ కిక్కురుమనలేదు. దస్తగిరిని చూసి వాచ్‌మనూ కిక్కురుమనలేదు.