గంగన్నలో చేరిన పన్ను

చిత్తలూరు సంస్థానాధీశుడైన మల్లభూపతికి ఒకనాటి ఉదయం ఒక విచిత్రమైన కోరిక కలిగింది. తన పట్టాభిషేక దినోత్సవం నాటికి రాజ్యంలో పన్ను బాకీపడ్డ మనిషి ఒక్కరు కూడా మిగలకూడదు. బాకీల చిట్టా ఉతికి ఆరేసిన ధోవతిలా తెల్లగా కనిపించాలి.

సుంకాధికారి లింగనామాత్యుడు చిట్టా తెచ్చి సగర్వంగా విప్పాడు. అందులో ఒక్క పేరే మిగిలి ఉంది. గానుగ రాగమ్మ. నువ్వుల నూనె ఆడించి అమ్ముకునే వితంతువు. బాకీ రెండు వరహాలు.

"ఆమె గుమ్మంలో మన గంగన్నను కూర్చోబెట్టి ఆరు నెలలైంది ప్రభూ" అన్నాడు లింగనామాత్యుడు.

చిత్తలూరులో అదొక ఆచారం. పన్ను కట్టనివారి గుమ్మంలో ఒక భటుడు వచ్చి కూర్చుంటాడు. బాకీ తీరేవరకు లేవడు. అంతవరకు అతనికి రెండు పూటలా భోజనం పెట్టవలసింది ఆ ఇంటివారే.

"అయినా చెల్లించలేదా?"

"మొండి మనిషి ప్రభూ. ఎల్లుండి ఆమె గానుగనూ ఎద్దునూ వేలం వేయిస్తాను."

రాజుగారి పక్కన తాంబూలపు పెట్టె పట్టుకుని నిలబడిన పుల్లన్న వినయంగా దగ్గాడు.

"ప్రభువుల సెలవైతే, రేపు మధ్యాహ్నానికి రాగమ్మ పన్ను నేను ఖజానాకు చేరుస్తాను."

లింగనామాత్యుడు నవ్వాడు. "తమలపాకుల ఈనెలు తీసుకునేవాడివి, నీకెందుకయ్యా వసూళ్లు? నా భటుడు ఆరు నెలల్లో చేయలేనిది నువ్వు ఒక్క రోజులో చేస్తావా?"

"తమ భటుడి సాయంతోనే చేస్తాను."

రాజుగారికి ఉత్సాహం కలిగింది. గెలిస్తే తన చేతి బంగారు కంకణం ఇస్తానన్నారు.

"ఓడితే ఏడాదిపాటు నా పల్లకీ ముందు నా బిరుదులు చదువుతూ నడవాలి" అన్నాడు లింగనామాత్యుడు.

"ఎన్ని బిరుదులు?"

"నలభై రెండు."

పుల్లన్న ముఖం కొద్దిగా వాడింది. అయినా తమాయించుకుని అడిగాడు. "నేను తెచ్చిన సరుకును ఖజానావారు కాదంటేనో?"

"ఎలా కాదంటారు? ఆ శాసనం రాసింది నేనే. పన్ను కింద బియ్యం వచ్చినా, పప్పు వచ్చినా, నెయ్యి వచ్చినా, ఎందులో తెచ్చినా సరే, కాదనరాదు. కాదన్న అధికారి దానికి రెట్టింపు తన సొంత సొమ్ము కట్టాలి."

"చాలు అమాత్యా" అన్నాడు పుల్లన్న.

సాయంత్రం పుల్లన్న రాగమ్మ ఇంటికి వెళ్లాడు. అరుగు మీద గంగన్న బాలీసుకు ఆనుకుని కూర్చుని మూడో విడత అన్నం కలుపుతున్నాడు. సర్కారు వారిచ్చిన నడికట్టు అతని నడుముకు ఎప్పుడో చాలకుండా పోయింది. రెండు కొసలనూ ఎద్దు పలుపుతో కలిపి కట్టుకున్నాడు.

"ఎద్దును తోలుకుపోతే గానుగకు నన్ను నేనే కట్టుకోవాలయ్యా" అంది రాగమ్మ. "నాలుగు డబ్బులు కూడబెడదామంటే ఈయనకు ఆకలేస్తుంది. పొద్దస్తమానం ఆకలే."

"అమ్మా, ఇవాళ ఆయనకు ఒక్క ముద్ద కూడా తగ్గించకు."

"నేను తగ్గించినా ఆయన తగ్గుతాడా?" అంది రాగమ్మ.

మర్నాడు మధ్యాహ్నం ఖజానా ముందు ఒక బండి ఆగింది. లాగిన ఎద్దు రొప్పుతోంది. పక్కన రాగమ్మ నడుస్తోంది. బండిలో, గడ్డి మీద, గంగన్న. రాజుగారు, లింగనామాత్యుడు, లెక్కలు రాసే రాయసగాళ్లు అందరూ అక్కడే ఉన్నారు.

"పన్ను ఏది?" అన్నాడు లింగనామాత్యుడు.

పుల్లన్న గంగన్నను చూపించాడు.

"ఇతను నా భటుడు కదయ్యా."

"పైన తమ భటుడే అమాత్యా. లోపలున్నదంతా రాగమ్మ పన్ను."

తరువాత గంగన్న వైపు తిరిగాడు. "నాయనా, ఈ ఆరు నెలల్లో ఏమేమి ఆరగించావో దాచకుండా చెప్పు."

గంగన్న ముఖం వికసించింది. జీవితంలో మొదటిసారి ఎవరో తన పనిని గురించి అడిగారు.

"నాలుగు బస్తాల బియ్యం ఏలినవారూ. ఒక బస్తా కందిపప్పు. రెండు కడవల నెయ్యి. గారెలు మాత్రం లెక్కపెట్టలేకపోయాను. చేయి ఖాళీ లేదు."

గారెలు వదిలేసి రాయసగాడు ధర కట్టాడు. ఐదు వరహాలు తేలాయి.

"ఇది పరిహాసం ప్రభూ" అన్నాడు లింగనామాత్యుడు. "తినేసిన బియ్యాన్ని ఖజానా ఎలా తీసుకుంటుంది?"

పుల్లన్న చేతులు జోడించాడు.

"ఎందులో తెచ్చినా కాదనరాదని తమ శాసనం. మేము గంగన్నలో తెచ్చాము."

రాజుగారు ఉత్తరీయంతో నోరు కప్పుకున్నారు. నవ్వు ఆపుకుంటూ లింగనామాత్యుడి వైపు తిరిగారు.

"అమాత్యా, తీసుకుంటారా, కాదంటారా? కాదంటే పది వరహాలు మీరు కట్టాలి."

లింగనామాత్యుడు గంగన్నను ఒకసారి, తన మొలలోని డబ్బు సంచిని ఒకసారి చూసుకున్నాడు.

"తీసుకున్నాను" అన్నాడు, చాలా చిన్న గొంతుతో.

"ఖజానాకు చేరిన సరుకు తరిగిపోకుండా చూడవలసిన బాధ్యత ఎవరిది?" అని అడిగారు రాజుగారు.

"అమాత్యులవారిదే ప్రభూ" అన్నాడు పుల్లన్న.

ఈలోగా గంగన్న బండి దిగి ఖజానా గదిలోకి తొంగిచూసి వచ్చాడు. "అయ్యా, ఇక్కడ భోజనం ఏ వేళకు పెడతారు?"

కావలివాళ్లు ఈటెలు పట్టుకుని నిలబడలేకపోయారు. రాజుగారు నవ్వి నవ్వి రాయసగాడి భుజం పట్టుకున్నారు. నవ్వుతూనే చిట్టాలో రాగమ్మ పేరు కొట్టివేయించారు. గుమ్మాలలో కూర్చున్న భటులను ఆ పూటే లేవమన్నారు. బాకీ పోగా అదనంగా చేరిన మూడు వరహాలు, రాజుగారి ఆజ్ఞ మీద, లింగనామాత్యుడి సంచిలోంచి రాగమ్మ కొంగులోకి వెళ్లాయి. ఆమె ముడి వేసుకుని, బండిని వెంటనే ఇంటి దారి పట్టించింది. గంగన్న మళ్లీ ఎక్కుతాడేమోనని వెనక్కి కూడా చూడలేదు.

రాజుగారి కంకణం పుల్లన్న చేతికి మారింది. పుల్లన్న మర్యాద మరువలేదు. ఒక తాంబూలం చుట్టి లింగనామాత్యుడి ముందు పట్టాడు.

"జరిగింది మనసులో పెట్టుకోకండి అమాత్యా. తాంబూలం స్వీకరించండి."

లింగనామాత్యుడు చేయి చాచేలోగా, గంగన్న చేయి వచ్చింది.