నీళ్ళ వంతుకి వెదురు చక్రం

అనగనగా, రాజులు తీర్పు చెబితే జనం నిజంగానే వినే రోజుల్లో, ఒకే కాలువ మీద రెండు ఊళ్ళు ఉండేవి. ఒకటి గట్టుపల్లె, రెండోది తూముపాడు.

నాట్ల వేళ వచ్చిందంటే నీళ్ళ వంతు కోసం రెండూళ్ళ వాళ్ళూ వెదురు కర్రలతో తలలు పగలగొట్టుకునేవారు. ఆ తలల్లో పెద్దగా ఏమీ లేదు కాబట్టి నష్టం తక్కువే. అయినా రాజుగారికి విసుగొచ్చింది. కర్రలన్నీ లాక్కుని, చీల్పించి, వంచి, చక్రాలు కట్టించాడు.

"కర్ర చేతికిస్తే కొట్టుకుంటున్నారు. ఇక దీన్ని నడుముకి వేసుకుని తిప్పండి. ఎవరి చక్రం ముందు నేలని తాకితే వాళ్ళకి వెనక వంతు," అన్నాడు.

మొదటి ఏడు తూముపాడు తరఫున ఊరిపెద్ద భూషణయ్య దిగాడు. ఆయన్ని కాదనేదెవరు? చక్రం ఆయన పొట్ట దగ్గర బిగుసుకుపోయింది. పడలేదు. తిరగనూ లేదు. సాయంత్రం దాకా ఆయన గంభీరంగా నిలబడ్డాడు.

"ఇది ఆట కాదయ్యా, పీపాకి వేసిన పట్టీ," అని రాజుగారు గట్టుపల్లెకి ముందు వంతు ఇచ్చేశాడు.

రెండో ఏడు వస్తాదు వీరాస్వామి దిగాడు. బలమంతా పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. చక్రం ఎగిరి, పక్కన మేస్తున్న గేదె కొమ్ముకి తగులుకుంది. గేదె తల ఆడించి, వీరాస్వామి కంటే ఎక్కువసేపు తిప్పింది. పైగా అది గట్టుపల్లె గేదె.

రెండేళ్ళూ నీళ్ళు ఆలస్యమై తూముపాడులో నారు ముదిరిపోయింది. పండినదాంట్లో సగం తాలు. ఈసారీ ఓడితే విత్తనాలకి కూడా గింజలు మిగలవు.

మూడో ఏడు మేదరింటి కోడలు నాంచారి ముందుకొచ్చింది. బుట్ట అంచుకి కట్టే వెదురు చుట్టుని నడుముకి వేసి తిప్పుకుంటూనే పొయ్యి మీద కూర కలిపే మనిషి ఆమె. ఆడకూతురు అందరిముందూ నడుము తిప్పితే ఊరి పరువు పోతుందన్నారు పెద్దలు. గేదె చేతిలో ఓడాక ఇంకెంత మిగిలిందో వాళ్ళే చెప్పాలి.

గట్టుపల్లె నుంచి కుమ్మరి గవరమ్మ వచ్చింది.

"ఏమ్మా నాంచారీ, అన్నం తిన్నావా? చక్రంతో పాటు నువ్వూ ఎగిరిపోయేలా ఉన్నావు."

"తిన్నానక్కా. మీరు ముందు తాగగా మిగిలిన నీళ్ళతో పండిన తాలు అన్నమే."

గవరమ్మకి నవ్వాగలేదు. ఆట మొదలైంది.

నాంచారి చక్రం నడుము నుంచి మెడకెక్కింది, మెడ నుంచి మోచేతికి దిగింది. గవరమ్మ చక్రం మోకాళ్ళ దాకా జారి, పడుతుందనగా మళ్ళీ పైకి పాకింది. పిల్లలు చట్టి మీద దరువేశారు. ఇద్దరూ ఆ దరువుకి అడుగులు కలిపారు. పోటీ అన్న సంగతి వాళ్ళే మరిచిపోయినట్టున్నారు. రాజుగారి నడుము కూడా కొంచెం కదిలింది. మంత్రి చూడనట్టు తల తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం ఒక సుడిగాలి లేచింది. దుమ్ముకి అందరూ కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి రెండు చక్రాలూ తిరుగుతూనే ఉన్నాయి. ఊళ్ళు రెండూ ఈలలు వేశాయి.

నాంచారి ఆగిపోయి చక్రాన్ని చేత్తో పట్టుకుంది.

"దొరా, దుమ్ములో నాది నేలని తాకింది. కాలితో లేపుకున్నాను."

"నిన్నెవరడిగారే?" అని గొణిగాడు భూషణయ్య. తూముపాడు మొత్తం తల పట్టుకుంది.

రాజుగారు గట్టుపల్లె వైపు చెయ్యెత్తబోయాడు. గవరమ్మ అడ్డు చెప్పింది.

"ఆగండి దొరా. నాది అంతకంటే ముందే పడింది. నేను లేపుకునేటప్పుడు ఈమె చక్రం ఇంకా తిరుగుతున్న చప్పుడు వినబడింది. ఈమె నోరు విప్పకపోతే నేనూ విప్పేదాన్ని కాదు."

ఈసారి గట్టుపల్లె తల పట్టుకుంది. రాజుగారు తూముపాడుకి ముందు వంతు రాసిచ్చాడు.

నాంచారి దణ్ణం పెట్టింది. "దొరా, అక్క నిజం చెబితే వచ్చిన నీళ్ళు ఇవి. ఆమె మడి ఎండుతుంటే మా మడి తడిస్తే బాగుండదు. రెండూళ్ళ తూములూ సగం సగం ఎత్తించండి."

రాజుగారు ఎత్తించాడు. నీళ్ళు సన్నగానే పారాయి గానీ, ఒకే పూట రెండూళ్ళ మడులూ తడిశాయి. ఆ సాయంత్రం గట్ల మీద ఆడా మగా చక్రాలు తిప్పి, సగం మంది బురదలో పడి, పడ్డామని తమంతట తామే అరిచి చెప్పారు.

కాబట్టి పిల్లలూ, అందరి కళ్ళూ మూసుకున్నప్పుడు కూడా నిజాయితీగా ఆడేవాళ్ళదే అసలైన గెలుపు.