పులిగాడి తోక, నల్లకారు మెరుపు

జీడితోట మధ్యలో పెంకుటిల్లు, ఇంటి వెనక గేదెల పాక, పాకను ఆనుకుని కోళ్ళ గూడు. వీటన్నిటికీ కాపలా ఒకే ఒక్క కుక్క, పేరు పులిగాడు. ఆ పేరు వాడికి కళ్ళు తెరవని వయసులో పెట్టారు కాబట్టి పెట్టినవాళ్ళను తప్పుపట్టలేం. టపాకాయ పేలితే గడ్డివాములో దూరే రకం వాడు. ఉరిమితే ఆ పూట అన్నం కూడా ముట్టడు. కోళ్ళ దగ్గర మాత్రం ఎక్కడ లేని ధైర్యం వచ్చేది. మూడేళ్ళలో గూట్లోంచి ఒక్క పిల్ల కూడా తగ్గలేదు.

అలాంటి పాకలోకి ఒక సోమవారం పొద్దున్నే కారు వచ్చింది.

మామూలు కారు కాదు, స్పోర్ట్స్ కారు. కింద కోడిపెట్ట దూరేంత సందు కూడా లేదు. నల్లగా నిగనిగలాడుతోంది. పట్నంలో వీధి ఇరుకు, ఎవడో ఒకడు గీత పెట్టేస్తాడని భయపడి తోట యజమాని కొడుకు చినబాబు దాన్ని ఇక్కడికి తెచ్చాడు. వెళ్తూ పాలేరు సూరన్నను పిలిచాడు.

"దీన్ని నువ్వు ముట్టుకోవద్దు. ఆదివారం వచ్చి నేనే కడుక్కుంటా. రంగు మీద వెంట్రుకంత గీత పడిందా, మనిషైనా జంతువైనా ఇక్కడ ఉండేది లేదు."

పులిగాడి చెవులు వాలిపోయాయి. వాడి చూపు పాక గోడ మీదికి పోయింది. అక్కడ మేకుకు పాత గోనెసంచి ఒకటి వేలాడుతోంది. వాడికి ముందు ఈ తోటలో మల్లిగాడని ఇంకో కుక్క ఉండేవాడు. చినబాబు కొత్త చెప్పు కొరికినందుకు వాణ్ణి ఆ సంచిలోనే కట్టి ఏరు దాటించి వదిలేశారు. అప్పటికి పసికూనగా ఉన్న పులిగాడు సంచిలోంచి వచ్చిన అరుపు విన్నాడు. తర్వాత మల్లిగాడేమయ్యాడో ఎవరికీ తెలీదు.

ఆ రోజు నుంచి పులిగాడికి నిద్ర లేదు. కాకి ఎగిరితే రెట్ట వేస్తుందని భయం, గాలి వీస్తే జీడికొమ్మ రాలుతుందని భయం. మంగళవారానికల్లా కారు మీద పల్చగా ఎర్రదుమ్ము పేరుకుంది. 

మధ్యాహ్నం సూరన్న కునుకు తీసే వేళ, కంచె అవతల ముళ్ళపొద కదిలింది.

"ఏం అల్లుడూ, అలా చిక్కిపోయావ్?" ఏటిగట్టు నక్క మూతి మాత్రం బయటపెట్టి పలకరించింది.

"దగ్గరికి రాకు మామా! కరుస్తా!"

"కరుద్దువుగానిలే, తొందరేముంది? నీ మంచికోరి ఒక మాట చెబుదామని వచ్చా. పట్నంలో కార్ల షెడ్డు వెనక ఏడాది కాపురం చేసినవాణ్ణి. ఆ దుమ్ముందే, అది రంగుని తినేస్తుంది. ఆదివారం నాటికి నీ కారు బూడిదగుమ్మడికాయలా తేలుతుంది."

పులిగాడు కంచె దగ్గరికి జరిగాడు. "మరెలా మామా?"

"నీకంత కుచ్చుతోక దేవుడెందుకిచ్చాడు? తుడువు. పొద్దస్తమానం తుడువు. ఒక్క రేణువు మిగలకూడదు." నక్క చెబుతున్నంతసేపూ దాని కళ్ళు పులిగాడి భుజం మీదుగా ఎటో పోతున్నాయి. అది పులిగాడు చూశాడు గానీ, సంచి గుర్తుకొచ్చాక వాడి బుర్రలో ఇంకో ఆలోచనకు చోటెక్కడిది?

ఇక మొదలైంది. కారుకు వీపు పెట్టి నిలబడడం, తోక ఆడించడం. తలుపులు తుడిచాడు, బానెట్ తుడిచాడు. దుమ్ము మళ్ళీ పడింది, మళ్ళీ తుడిచాడు. చుక్కలపెట్ట పిల్లల్ని వెంటేసుకుని వచ్చి వింతగా చూసింది.

"పులన్నా, నీకేమైనా పూనిందా?"

"దూరం జరుగు! నీ గోళ్ళు తగిలితే నా బతుకు బుగ్గి!"

"మమ్మల్ని కాయాల్సినవాడివి, మమ్మల్నే తరుముతున్నావేంటి?" పెట్ట చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. వాడు తల తిప్పి కూడా చూడలేదు.

శనివారం సూరన్న సంతకు పోయాడు. పొద్దు వాలుతుండగా ఎండ ఏటవాలుగా పాకలోకి దూరి కారు మీద పడింది. పులిగాడు చూసి కొయ్యబారిపోయాడు. నల్లరంగు నిండా సన్నటి గీతలు! ఒకటా రెండా, సాలెగూడు అల్లినట్టు గుండ్రంగా వందల గీతలు. తోక ఎక్కడెక్కడ తిరిగిందో అక్కడల్లా ఉన్నాయి.

"అయ్యయ్యో!" కంచె అవతల నక్క అప్పటికే సిద్ధంగా ఉంది. "ఎంత పని చేశావు అల్లుడూ! తెల్లారితే చినబాబు వస్తాడు. ఆ మేకుకున్న సంచి నీకే రాసిపెట్టి ఉంది."

"నువ్వే కదా మామా తుడవమన్నావు!"

"మెల్లగా తుడవమన్నాను, గీకమన్నానా? ఇప్పుడు వాదులాట దేనికి? కాళ్ళున్నాయిగా, పారిపో. జీడితోట దాటితే కొండ. నిన్నెవరూ పట్టుకోలేరు."

"మరి కోళ్ళు?"

"సూరన్న వస్తాడుగా, చూసుకుంటాడు. నీ ప్రాణం ముందు కోళ్ళెంత?"

పులిగాడు పరుగెత్తాడు. కాళ్ళు ఎటు తీసుకుపోతే అటు పోయాడు. తోట చివర మేత ముగించుకుని ఇంటికి వస్తున్న గేదె కాటుకమ్మ అడ్డం తగిలింది.

"ఒరే పులిగా, వెనక ఎవడన్నా తరుముతున్నాడా?"

వాడు వగర్చుకుంటూ మొత్తం చెప్పాడు. కాటుకమ్మ నెమరు ఆపకుండా విన్నది.

"తిక్క సన్నాసీ! సూరన్న నన్ను రోజూ ఎలా కడుగుతాడు? ముందు నాలుగు బకెట్లు నీళ్ళు పోసి, మట్టి జారిపోయాకే గడ్డితో రుద్దుతాడు. పొడి ఒంటి మీద రుద్దితే ఇసక గీసుకుని నా తోలే ఊడుతుంది. రంగు ఎంత? దుమ్ము దాని మానాన అది పడుంటే ఏ గీతా పడేది కాదు. నువ్వు రుద్దబట్టే పడింది."

"మరి నక్కమామ పట్నంలో చూశానన్నాడే?"

"చూసే ఉంటాడు. చూశాడు కాబట్టే పొడిగా తుడవమన్నాడు. ఒక్కటి చెప్పు. నీకా సలహాలిచ్చేటప్పుడు వాడి కళ్ళు కారు మీదున్నాయా?"

పులిగాడికి అప్పుడు గుర్తొచ్చింది. కారు ఎడమవైపు ఉంది. నక్క చూపులు కుడివైపు పోయాయి. కుడివైపు ఉన్నది కోళ్ళ గూడు.

అప్పుడే పాక వైపు నుంచి చుక్కలపెట్ట కేక వినబడింది.

పులిగాడు వెనక్కి తిరిగాడు. భయం పోయిందనుకునేరు, పోలేదు. ఆ భయంతోనే పరుగెత్తాడు. వచ్చేసరికి గూడు తలుపు ఊడిపడి ఉంది, పిల్లలు చెల్లాచెదురయ్యాయి. వాడు గుర్రుమనగానే నక్క పెట్టను కరుచుకుని ఒక్క గెంతులో కారు బానెట్ ఎక్కేసింది. పెట్టను ముందుకాలి కింద అదిమిపట్టి పళ్ళికిలించింది.

"రా అల్లుడూ, రా! నీ గోరు ఒక్కటి ఈ రంగు మీద పడనీ. తోక గీతలకి తిట్లతో పోతుందేమో, గోటి గీతకి సంచే!"

పులిగాడు ఆగిపోయాడు. గోడ మీద సంచి గాలికి మెల్లగా ఊగుతోంది. మల్లిగాడు ఆ సంచిలోంచి అరిచిన అరుపు వాడి చెవుల్లో తిరిగింది. బానెట్ మీద చుక్కలపెట్ట అరవడం కూడా మానేసి వాడినే చూస్తోంది.

"పులన్నా," అంది, "పిల్లలు..."

వాడు కళ్ళు మూసుకుని దూకాడు. నాలుగు కాళ్ళ గోళ్ళు బర్రుమని బానెట్ మీద దిగాయి. ఆ చప్పుడుకి వాడి పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా దొరికిన నక్కతోకను వదల్లేదు. నక్క విదిలించుకుని పక్కకి గెంతబోయింది. అక్కడే దాని లెక్క తప్పింది. ఐదు రోజులు అదే పనిగా తుడిచిన బానెట్, పైగా ఏటవాలు. నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకి జారి, దబ్బుమని పక్కనున్న కుడితితొట్టిలో పడింది. తల పైకెత్తేసరికి ఎదురుగా, అప్పుడే పాక చేరిన కాటుకమ్మ కొమ్ములు. తోకలో సగం పులిగాడి నోట్లో వదిలేసి, కుడితి కారుతూ, కుంటుతూ కంచె దాటి పారిపోయింది.

పెట్ట బతికింది, రెక్క ఒకటి వాలిపోయిందంతే. పిల్లలన్నీ వచ్చి దాని కింద దూరాయి. పులిగాడు మాత్రం తెల్లవార్లూ గూడు ముందు కూర్చుని సంచికేసి చూస్తూనే ఉన్నాడు. ఈసారి పారిపోలేదు.

ఆదివారం చినబాబు వచ్చాడు. బానెట్ చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. నల్లరంగు చీల్చుకుని తెల్లగా లోపలి రేకు కనిపిస్తోంది.

"సూరన్నా! ఏ వెధవ చేశాడిది?"

సూరన్న నక్కతోక ముక్క చూపించాడు. ఊడిపడిన గూడు తలుపు, తొట్టి చుట్టూ బురదలో నక్క అడుగులు, వాలిన రెక్కతో పెట్ట, ఒక్కొక్కటే చూపించాడు. ఎర్రదుమ్ము పట్టిన పులిగాడి తోక కూడా దాచలేదు.

 చినబాబు గోడ దగ్గరికి నడిచి మేకు మీంచి సంచి తీశాడు. పులిగాడు కళ్ళు మూసుకుని తల నేలకి ఆనించాడు. 

మెత్తగా ఏదో చప్పుడైంది. వాడు ఒక కన్ను తెరిచాడు. సంచి గూడు ముందు నేల మీద పరిచి ఉంది.

"వాణ్ణి ఇక్కడే పడుకోనీ సూరన్నా. కోళ్ళున్న చోట కారు పెట్టింది నేనే. దాన్ని నేను తీసుకుపోతా," అన్నాడు చినబాబు. గొంతులో ఏడుపు ఇంకా ఉంది, పాపం, కొత్త కారు మరి.

పులిగాడు ఆ సంచి చుట్టూ మూడుసార్లు తిరిగి, వాసన చూసి, భయం భయంగానే దాని మీద పడుకున్నాడు. అవతల ఏటిగట్టు మీద సగంతోక నక్క ఇప్పటికీ నున్నటి బండ కనిపిస్తే చుట్టూ తిరిగి పోతుందట.

నీతి: నీ భయాన్ని పదే పదే గుర్తుచేసి సలహా ఇచ్చేవాడి మాట వినే ముందు, వాడి కళ్ళు ఎటు చూస్తున్నాయో చూసుకో.